పొత్తు అను మాట

ఈ మాసము ఒక్క మాటను గూర్చియే వ్రాయుచున్నాను. అది పొత్తు అను మాట. కూడిక, భాగస్వామ్యము, స్నేహము అని దీనికి నిఘంటువులు అర్థము చెప్పుచున్నవి. మన పూర్వకవులు కలసి కూర్చుండి భుజించుటకును దీనినే వాడిరి. నాకు ఆ యర్థమే మిక్కిలి ప్రియము. పుస్తకమను నర్థముగల పొత్తమునకు దీనితో చుట్టరికము లేదు. అది సంస్కృత శబ్దమునుండి వచ్చినది. పొత్తునకు నిజమైన తోబుట్టువు తమిళమునందున్నది. అందరికిని చెందినదానిని తమిళులు పొదు అందురు. ఊరందరి బావి వారికి పొదుక్కిణఱు. మూలమొక్కటియే. మన మాటలో తకారము జంటగా నిలిచినది; వారి మాటలో ఒంటిగా నుండి దకారమువలె పలుకబడుచున్నది.

ఈ సంగతి మా తల్లికి 1971వ సంవత్సరమున తెలిసియుండిన బాగుండెడిది.

అప్పుడు మేము పేరాక్ రాష్ట్రమున బాగన్ దాతో ప్రాంతపు కొబ్బరితోటలో లైను ఇండ్లయందుంటిమి. గోడకు ఆవల ఒక తమిళ కుటుంబము. మా తల్లియు ఆ యింటి యామెయు చెరిసగము సొమ్ము వేసి ఒక రుబ్బురోలు కొనిరి. దానిని రెండు వాకిండ్ల నడుమ వేసిరి. వంతులు పెట్టుకొనలేదు, ఎవరు ముందు పప్పు నానవేసిన వారే ముందు రుబ్బుకొనుచుండిరి. మా తండ్రికి వేరొక తోటలో పని దొరకగా మేము బయలుదేరితిమి. మా తల్లి రోటిని బండికెక్కింపబూనెను. అప్పుడామె మెల్లగా, "ఇదు పొదు, అక్కా" అనెను.

మా తల్లి చెవికది "ఇది పోదు" అని వినబడెను!

"నా రోలు పోదనుటకు నీవెవతెవు?" అని కేకలు వేసి, ఇద్దరు మనుష్యులచేత దానిని బండిపై వేయించెను. ఆమె మరి మాటాడలేదు. రోలు లేచినచోట మిగిలిన పిండిమరకలను చీపురుతో ఊడ్చుచు తల వంచుకొనియుండెను. నాకప్పుడు తొమ్మిదేండ్లు. బండివెనుక కూర్చుండి చూచుచుంటిని.

పెద్దవాడనై పట్టణమున తమిళ స్నేహితుల నడుమ ఉద్యోగము చేయునప్పుడు గాని నాకు పొదు అను మాట తెలియలేదు. తెలిసిన దినముననే ఇంటికి వచ్చి చెప్పితిని. మా తల్లి చాలసేపు ఊరకుండి, "సగము వెలయైన ఇచ్చి రావలసినది" అనెను. ఆ సొమ్ము తీసికొని నేను పాత తోటకు పోతిని. లైను ఇండ్లు లేవు; ఆ చోట పామాయిలు చెట్లు పెరిగియున్నవి. ఆ కుటుంబము ఎచ్చటికి పోయెనో చెప్పువారు కనబడలేదు.

రోలు నేటికిని మా పెరటిలోనున్నది. మా తల్లి దానిని నా రోలు అనుట మానివేసినది.