సి-ఫారం చుట్టం

రండి, పొగ రాని వైపు కూర్చోండి. సంక్రాంతి దగ్గర పడితే మా వజ్రపుకొత్తూరులో పొద్దు వాలగానే చలి మొదలవుతుంది. మంటలో కొబ్బరి డొక్కలు ఎన్నయినా వెయ్యండి, మా దగ్గర వాటికి కరువు లేదు. జీడితొక్క మాత్రం వద్దు. పలాసలో పిక్కలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు ఒకసారి చూస్తే ఆ తొక్కలో ఉన్న నూనె సంగతి మీకే తెలుస్తుంది. దాని పొగకి ఇక కళ్ళు తెరవలేం.

ఇవాళ్టి కబురేమిటంటే, మా మేనకోడలు శ్రీలంక వెళ్తోందట. ఉద్యోగానికా అంటే కాదు, చదువుకా అంటే కాదు. వాలంటీరుగా. రెండు వారాలు ఒక పల్లెలో ఎవరింట్లోనో ఉండి, బడిపిల్లలకి ఇంగ్లీషు చెబుతుందట. ఏ ఊరు, ఏ ఇల్లు అన్నీ చూసిపెట్టే సంస్థ ఒకటి ఉందిట, దానికి ఫీజు కట్టాలట. ఈ ముక్క విని మా వదిన బుగ్గ నొక్కుకుంది. ఆవిడకి తెలిసిన వాలంటీరు వేరు మరి. 2019 ఆగస్టు నుంచి నాలుగైదేళ్ళపాటు మన రాష్ట్రంలో వాలంటీరంటే ఒకటో తారీకు తెల్లారకుండా తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టే కుర్రాడు. వాడికి నెలకి 5,000 గౌరవ వేతనం వచ్చేది. ఈ వాలంటీరు తనే ఎదురు డబ్బు కడుతుంది! "డబ్బులిచ్చి మరీ సాకిరీ సెయ్యడమేటి, మరీ సోద్యం కాపోతేను" అని వదిన నా మొహం చూసింది, నేనేదో మందలిస్తానని.

నేను మందలించలేదు. ఎందుకంటే అవతలి ఒడ్డున నేనున్నాను ఒకప్పుడు. అంటే, అలా వచ్చినావిడకి అన్నం పెట్టిన ఇల్లు మాది.

తిత్లీ తుఫాను గుర్తుందా? 2018 అక్టోబరు 11, ఇంకా తెల్లారనే లేదు, పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున్న తలుపు తీసి చూస్తే మా పెరటిలోంచి సముద్రం కనబడింది. అంతకుముందెన్నడూ కనబడలేదు. మధ్యలో ఉండాల్సిన కొబ్బరితోట పడుకునుంది మరి. మా ప్రాంతం పేరు ఉద్దానం, అంటే ఉద్యానవనం అని మా బళ్ళో పిల్లలకి ఎన్నేళ్ళు చెప్పానో, ఆ పూట మాత్రం ఆ మాట నోట రాలేదు. ఎక్కడెక్కడి వాళ్ళో బియ్యం బస్తాలతో, కొవ్వొత్తులతో వచ్చారు, నాలుగు రోజులుండి వెళ్ళారు. వాళ్ళ రుణం తీరేది కాదు. ఆ తర్వాత జనవరిలో, ఫొటోలు తీసేవాళ్ళందరూ అయిపోయాక, ఒక సంస్థవాళ్ళు మా వారిని అడిగారు, "యూరప్ నుంచి ఒకమ్మాయి వస్తుంది, మూడు వారాలు మీ ఇంట్లో ఉంచుకుంటారా, మొక్కలు నాటే పనిలో సాయం చేస్తుంది" అని. టీచరమ్మగారి ఇల్లు, బాత్రూము ఇంట్లోనే ఉంది, నాకు ఇంగ్లీషు వచ్చు. ఇంకేం కావాలి?

ముందు కాయితాలు. విదేశీయులు మనింట్లో దిగితే 24 గంటల్లోగా సి-ఫారం పెట్టాలని అప్పటి రూలు, మీకు తెలుసా? మాకు తెలీదు. హోటలుకే కాదు, ఇంటికీ అంతే. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది, అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. నెట్టు ఉన్న చోటు వెతుక్కుంటూ మా వారు పలాస పరిగెత్తారు. వీధిలో వాళ్ళకి ఈ మాట భలే నచ్చింది. ఆ అమ్మాయికి మా వీధిలో చివరిదాకా 'సి-ఫారం చుట్టం' అనే పేరు.

పని సంగతి చెబుతాను. మాది ఇసక నేల. తవ్వడం తేలికే, మూడడుగుల గొయ్యి అంచులు కూలకుండా తవ్వడంలోనే ఉంది అసలు పనితనం. పాపం ఆ అమ్మాయి పొద్దున్నే టోపీ పెట్టుకుని వెళ్ళేది, మధ్యాహ్నానికి నాలుగు గోతులు తవ్వేది. సాయంత్రం మా పనిమనిషి వెళ్ళి ఆ నాలుగూ మళ్ళీ తవ్వేది. "టీచరమ్మా, ఆ గుంటని సెట్టు కింద కూకోబెట్టండి, నాకో పని తగ్గుద్ది" అని నాతో మొర పెట్టుకుంది ఓ రోజు. పడిపోయిన మొద్దుల్ని కొయ్యించి తియ్యించకపోతే వాటిలో కొమ్ముపురుగు చేరి కొత్తమొక్కల మొవ్వు తినేస్తుంది. అసలు అవసరం ఆ మొద్దులు ఎత్తే మనుషులది, రంపం మిషన్లది. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

ఇక ఇంట్లో. ఆ సంస్థవాళ్ళు నా చేతికి ఒక పట్టీ ఇచ్చారు. కాచిన నీళ్ళు, గదికి గడియ, కారం తక్కువ, పడుకోడానికి దోమతెర. అంతా ఆ పిల్ల గురించే. మా ఇంట్లో ఎందరున్నారు, ఎవరికి ఏం ఒంట్లో బాగోలేదు, పొయ్యి దగ్గర ఎవరుంటారు అని మాత్రం ఎవరూ అడగలేదు. మా మావ, అంటే మా వారి నాన్నగారు, అప్పటికే కిడ్నీ మనిషి. వారానికి రెండుసార్లు పలాస డయాలసిస్‌కి. ఆయనకి పప్పు లేదు, కొబ్బరినీళ్ళు లేవు, నీళ్ళు గ్లాసు కొలత. ఉద్దానంలో పుట్టి కొబ్బరినీళ్ళు తాగకూడదంటే ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆయనకో వంట, ఆ పిల్లకో వంట, మాకో వంట. రోజుకింత అని సంస్థ ఇచ్చే డబ్బు పుచ్చుకోడానికి మా వారు మొహమాటపడ్డారు. నేను పుచ్చుకున్నాను. గ్యాసుబండకి మొహమాటం ఉండదు కదండీ.

మూడో రోజున ఆ పిల్ల తిన్న కంచం తనే కడగబోయింది. మా అత్త "ఓలమ్మ, పరువు తీసీసింది" అని కంచం లాక్కుంది. ఆ పిల్ల ఏడుపుమొహం పెట్టింది. ఇద్దరూ మర్యాదే చేస్తున్నారు, మధ్యలో నేను దుబాసీని.

అయితే ఒకటి జరిగింది. గోతుల దగ్గర తన అవసరం లేదని ఆ పిల్లకే తెలిసిపోయిందో ఏమో, రెండో వారంలో మావతో ఆటో ఎక్కి పలాస వెళ్ళింది. మిషను మీద నాలుగు గంటలు. పక్కన స్టూలేసుకుని కూర్చుంది. మావకి ఇంగ్లీషు రాదు, ఆ పిల్లకి తెలుగు రాదు. మావ వేళ్ళతో మంచం కోడు మీద కొట్టి, నీళ్ళకాయ ఎలా మోగుతుందో, ముదురుకాయ ఎలా మోగుతుందో చూపించారట. ఆ తరువాత కూడా తనే వెళ్ళింది. వెళ్ళిన రోజల్లా నాకు బడికి సెలవు పెట్టే పని తప్పింది. మూడు వారాల్లో నాకు జరిగిన అసలు సాయం అదీ. ఏ పట్టీలోనూ రాయలేదు దాన్ని.

ఇలా ఒకరింట్లో ఉండే 'హోమ్‌స్టే' పద్ధతి ఎక్కడిదనుకున్నారు? డొనాల్డ్ వాట్ అని ఒక అమెరికా ఆయన 1932లో కొందరు కుర్రాళ్ళని యూరప్ తీసుకెళ్ళి మొదలుపెట్టిన సంస్థ, ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్, దాని చలవే ఆ పద్ధతి. కొత్త దేశం తెలియాలంటే ఊళ్ళు చూడడం కాదు, ఒకరింట్లో తినాలి, వాళ్ళ పద్ధతిలో మసలాలి అన్నది ఆయన మాట. చూశారా, అందులో సేవ ఊసు లేదు. నేర్చుకోడానికే వెళ్ళడం. అలా యూరప్ వెళ్ళి వచ్చిన కుర్రాళ్ళలో సార్జంట్ ష్రైవర్ ఒకడు. 1961లో కెనడీ, వాలంటీర్లని వేరే దేశాలకి పంపే పీస్ కోర్ పెడితే దానికి మొదటి డైరెక్టరు ఆయనే. అక్కడ చుట్టరికానికి సేవ అంటుకుంది. ఆ పీస్ కోర్‌లోనే, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ 68 ఏళ్ళ వయసులో, 1966లో, బొంబాయి పక్కన విక్రోలీకి వచ్చింది. ఆవిడ నర్సు. చేతిలో విద్య ఉంది. ఆ వయసులో అంత దూరం వచ్చిందని విన్నప్పుడల్లా నేను రిటైరై చేస్తున్నదేమిటా అనిపిస్తుంది.

వాట్ కంటే ముందే, 1920లో, పియర్ సెరసోల్ అనే స్విస్ ఇంజనీరు యుద్ధంలో నేలమట్టమైన ఒక ఫ్రెంచి పల్లెని తిరిగి కట్టడానికి జనాన్ని పోగేశాడు. అందులో జర్మన్లూ ఉన్నారు. నిన్నటిదాకా తుపాకులు పేల్చినవాళ్ళు ఇవాళ పార పట్టుకొస్తే ఆ ఊరివాళ్ళకి మింగుడుపడలేదు, కొన్నాళ్ళకి పంపించేశారు. నేను ఊరివాళ్ళ పక్షమే. సాయం చేసేవాడి మనసు ఒక్కటే చాలదు, పుచ్చుకునేవాడికీ మనసు కుదరాలి. అదే సెరసోల్ 1934 భూకంపం తర్వాత మన బీహారు వచ్చి ఊళ్ళు కట్టడంలో చెయ్యి వేశాడు.

అంత దూరం ఎందుకు, మన సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రి లేదూ? అక్కడ కెనడా నుంచి వచ్చిన డాక్టరు బెన్ గల్లిసన్ కళ్ళ ఆపరేషన్లు చేసేవాడు. ఆయన పని గురించి విని, కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పెట్టాడు. అంటే ప్రపంచంలో చాలా దేశాల్లో చూపు తెప్పించిన సంస్థకి విత్తు మన ఉద్దానంలో పడింది. గల్లిసన్ మూడు వారాలకి రాలేదు లెండి. ఏళ్ళ తరబడి ఉన్నాడు. అంతకాలం ఉన్నవాణ్ణి ఎవరూ చుట్టం అనరు.

మంట ఎగెయ్యండి కాస్త. ఆఁ, మేనకోడలి సంగతి. ఎటువైపు వెళ్తున్నావే అంటే అనూరాధపురం పక్క పల్లె అంది. నా గుండె కలుక్కుమంది. ఆ ప్రాంతంలోనూ మనలాగే, 1990ల నుంచి, బీపీ షుగరు లేని రైతులకి కిడ్నీలు పోతున్నాయి. ఇక్కడిలాగే అక్కడా ఇదీ కారణం అని తేల్చి చెప్పినవాళ్ళు లేరు. మా ఊళ్ళో ఎన్ని బృందాలు వచ్చాయో, నీళ్ళు పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. ఏమైందో చెప్పడానికి తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. మావ అప్పటికి రెండేళ్ళ ముందే వెళ్ళిపోయారు.

ఆ పిల్ల నాటిన మొక్కలేమయ్యాయని అడుగుతారేమో. ఒకటి బతికింది. అది ఎవరు తవ్విన గోతిలోదో మా పనిమనిషిని అడగండి, చెబుతుంది.

నిన్న రాత్రి మేనకోడలు ఫోను చేసింది. "అత్తా, వాళ్ళింటికి ఏం పట్టుకెళ్ళను?" అని. చాక్లెట్లట! పలాస జీడిపప్పు పట్టుకెళ్ళవే, బద్ద కాదు, గుండు అన్నాను. కిలో చాలా అంది.

"ముందు ఆ ఇంట్లో ఎంతమందో చెప్పు. కిడ్నీ మనుషులెవరైనా ఉంటే జీడిపప్పు వాళ్ళు తినకూడదు" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. కాయితాలు తిరగేస్తున్నట్టు వినబడింది.

"నేనేం తింటానో, ఎలాంటి పక్క కావాలో అన్నీ అడిగారత్తా. వాళ్ళ గురించి ఊరి పేరు ఒక్కటే ఉంది" అంది.

పొద్దున్నే ఆ సంస్థకి ఫోను చేసి అడుగుతానంది. జీడిపప్పు మాత్రం నేనింకా కొనలేదు.