అటక మీద గిటారు

మా అన్నయ్యకు శ్రుతి తెలీదు. తాళం అసలే తెలీదు. ఆ రెండూ తెలియని మనిషి చేతికి గిటారు వస్తే ఏమవుతుందో హన్మకొండలో మా వీధి వాళ్లనడిగితే చెబుతారు. 2004లో ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బులతో కొన్నాడు దాన్ని. ఎవరి దగ్గరైనా నేర్చుకోరా అని నాన్న పోరితే 'నేర్చుకుంటే అందరిలాగే వాయిస్తాను కదా' అనేవాడు. బద్ధకానికి దొరికిన సాకు అనుకున్నాం అందరం.

ఈమధ్య ఒక రాత్రి పేజీలు పంపేసి, ఆఫీసు క్యాబ్ కోసం మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్లో ఏదో పాట పెడితే, అది అయిపోయి దానంతటదే ఇంకోటి మొదలైంది. డ్రమ్స్ బాగున్నాయి. గిటార్లయితే ఎంత హాయిగా ఉన్నాయో! ఇంతలో గొంతు వచ్చింది. ముక్కుతో మాట్లాడుతున్నట్టు... పాటకీ మాటకీ మధ్య ఎక్కడో. పాడేది పెద్దాయనో పిల్లాడో పోల్చుకోలేకపోయాను. శ్రుతిని పట్టుకుందామన్న తాపత్రయమే లేదు. కానీ ఎంత సంతోషంగా పాడుతున్నాడో! క్యాబ్ డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టేదాకా నేను లేవలేదు.

ఆ బ్యాండ్ పేరు హాఫ్ జాపనీస్. పేరు చూసి జపాన్ వాళ్లనుకునేరు... అమెరికా వాళ్లే. జాడ్ ఫెయిర్, డేవిడ్ ఫెయిర్ అనే అన్నదమ్ములు 1970ల మధ్యలో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో మొదలుపెట్టారు. ఇద్దరికీ గిటారు వాయించడం రాదు. రాకపోవడం వాళ్లకు లోటుగా అనిపించలేదు. గిటారు ఎలా వాయించాలో చెబుతూ డేవిడ్ ఒక చిన్న వ్యాసమే రాశాడు. అందులో సంగతేమిటంటే... సన్నటి తీగలు సన్నగా మోగుతాయి, లావువి లావుగా మోగుతాయి. వేగం కావాలంటే చెయ్యి వేగంగా ఆడించండి, వద్దంటే మెల్లగా. అంతే! శ్రుతి చేసుకుంటారా లేదా అన్నది మీ ఇష్టం. ఇక జాడ్ పేర చెలామణీ అయ్యే ఛలోక్తి ఒకటుంది. తనకు తెలిసిన కార్డ్ ఒక్కటేనట... గిటారును యాంప్లిఫయర్‌కు కలిపే కార్డ్!

కొత్త బ్యాండ్ ఎవరైనా ఒక రికార్డు వదిలి జనం ఏమంటారో చూస్తారు. వీళ్లు 1980లో తొలి ఆల్బమే మూడు ఎల్పీల పెట్టెగా తెచ్చారు. 'హాఫ్ జెంటిల్మెన్, నాట్ బీస్ట్స్' దాని పేరు. నిజం చెప్పొద్దూ, నేను దాన్ని పూర్తిగా వినలేకపోయాను. మూడుసార్లు ప్రయత్నించాను. రెండోసారి మా ఆయన హాల్లోంచి వచ్చి 'మిక్సీ గానీ పాడైందా?' అని అడిగాడు. ఆయన తప్పేం లేదు. అరుపులు, గీకుళ్లు, డబ్బాలు దొర్లినట్టు డ్రమ్స్. కానీ దాన్ని ప్రాణంగా చూసుకున్నవాళ్లూ ఉన్నారు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌లో డ్రమ్స్ వాయించిన మో టకర్ వీళ్లతో కలిసి పనిచేసింది. నిర్వాణా కర్ట్ కొబేన్ వీళ్లకు వీరాభిమాని. 1993లో తన బ్యాండ్ వేలమంది ముందు కచేరీలు చేస్తున్నప్పుడు, కొన్నిచోట్ల ముందుగా వీళ్లను స్టేజీ ఎక్కించాడు. అదే ఏడు వీళ్ల మీద జెఫ్ ఫోయర్‌జీగ్ ఒక డాక్యుమెంటరీ కూడా తీశాడు.

2001లో 'హలో' అనే ఆల్బమ్ తర్వాత బ్యాండ్ పేరుతో కొత్త ఆల్బమ్ రాలేదు. పదమూడేళ్లు! 2014లో 'ఓవర్‌జాయ్డ్' వచ్చింది. అప్పటికి జాడ్‌కు అరవై. ఆ రాత్రి మెట్ల మీద నేను విన్నది అందులోదే. డీర్‌హూఫ్ అనే మరో బ్యాండ్‌లోని గిటారిస్టు జాన్ డీటెరిక్ దాన్ని ప్రొడ్యూస్ చేశాడు. పాటలు శుభ్రంగా, ఒద్దికగా ఉంటాయి. ఎవరింట్లోనైనా పెట్టుకోవచ్చు, మిక్సీ మీద అనుమానం రాదు.

ఇలాంటి బ్యాండ్ సాఫీగా మోగితే పాత అభిమానికి గుండె గుభేలుమంటుంది. వీళ్లు కూడా మారిపోయారా, ఇన్నాళ్ల మొండితనం చివరికి రాజీ పడిందా అని. నాకూ ఆ అనుమానం వచ్చింది. అందుకే ఆల్బమ్‌ను నాలుగైదుసార్లు విన్నాను. మారింది జాడ్ కాదు. అతను 1980లో ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. మారింది అతని చుట్టూ ఉన్నవాళ్లు. జాన్ స్లగెట్, మిక్ హాబ్స్, జేసన్ విలెట్, గిల్ విన్సెంట్ రీడర్... ఏళ్ల తరబడి అతనితో వాయిస్తున్నవాళ్లు. పద్యనాటకాల్లో హార్మోనిస్టును గమనించారా? నటుడు రాగంలో ఎటు జారితే అటు వెళ్లి, అక్కడ ఓ పీట వేసి కూర్చోబెట్టి, మళ్లీ మెల్లగా లాక్కొస్తాడు. జనం చప్పట్లు నటుడికే. ఈ నలుగురూ చేసేది ఆ పనే. జాడ్ పాటలు మొదట్నుంచీ రెండే రకాలు. ప్రేమ పాటలు, రాక్షసుల పాటలు. ఈ ఆల్బమ్‌లో ప్రేమ, ధైర్యం పాలు ఎక్కువ. మామూలు గొంతుతో పాడితే గ్రీటింగ్ కార్డులా ఉండే మాటలవి. ఆ గొంతులో నమ్మాలనిపిస్తాయి.

డేవిడ్ మాత్రం ఇందులో లేడు. చాలా ఏళ్ల కిందటే బ్యాండ్‌కు దూరం జరిగాడు, అప్పుడప్పుడూ వచ్చిపోయేవాడు. ఇద్దరూ కలిసి మొదలెట్టినదాన్ని ఒక్కడే మోసుకొచ్చాడు జాడ్. అది చదివాకే నాకు నిద్ర పట్టలేదు.

2005లో మా కాలేజీ వార్షికోత్సవం. నేను ఇంటర్ ఫస్టియర్, అన్నయ్య డిగ్రీ ఫైనలియర్, ఒకే కాలేజీ. గిటారుతో స్టేజీ ఎక్కాడు. పాట తనే కట్టాడు... నాన్న స్కూటర్ మీద. పొద్దున్నే ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టవని స్కూటర్, దాన్ని వంచే నాన్న, కిటికీలోంచి చూసి నవ్వే అమ్మ. ఇప్పుడు తలుచుకుంటే మంచి పాట. అప్పుడు హాలంతా ఈలలు, దిగిపో దిగిపో అని గోల. అన్నయ్య ఆపలేదు. కళ్లు మూసుకుని మొత్తం పాడాడు. నా పక్కనున్న అమ్మాయి మోచేత్తో పొడిచి 'మీ అన్నయ్యే కదే?' అంది.

'కాదు. మా వీధిలో ఉంటాడు' అన్నాను.

ఆ మాట అన్నయ్య వినలేదు. వినేంత దగ్గర్లో లేడు. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చి గిటారును పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశాడు. నేనేమీ అడగలేదు. గోల చేసినవాళ్లు మూడొందలమంది ఉంటారు. ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని 'పాట బాగుందన్నయ్యా' అనుంటే ఏమయ్యేదో!

అన్నయ్య ఇప్పుడు కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగి. పోయిన వారం 'ఓవర్‌జాయ్డ్' లింకు పంపాను. రెండ్రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు ఫోన్ చేశాడు.

"ఏమేవ్, ఆయనెవరు? నాకంటే ఘోరంగా ఉన్నాడు."

"పాత ఆల్బమ్ ఇంకా ఘోరం. పంపనా?"

"పంపు" అన్నాడు. పంపాను. గంటలో మళ్లీ ఫోన్. నవ్వుతున్నాడు. 'ఇదే బాగుంది' అన్నాడు! నేను మూడుసార్లూ సగంలో ఆపేసిన ఆల్బమ్‌ను మనిషి ఆపకుండా వింటున్నాడు.

వార్షికోత్సవం సంగతి ఫోన్లో చెబుదామనుకున్నాను. మాట రాలేదు. అన్నయ్య ప్రతి ఆదివారం ఈ పుస్తకం తిరగేస్తాడు, ముందు నా పేరు ఎక్కడుందో చూస్తాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిన్న అమ్మ చేత అటక దించించాను. దుప్పటి ఎలుకలు కొట్టేశాయి. గిటారు బాగానే ఉంది, రెండు తీగలు తెగాయి, మిగతావి తుప్పు పట్టాయి. కొత్త తీగలు కొనమంటావా అని మెసేజ్ పెట్టాను. తెగిన రెండూ మార్చు చాలు, మిగతావి అలాగే ఉంచు అన్నాడు. పండక్కి వస్తున్నాడు.