సంక్రాంతిలోగా ఒక కబురు

డిసెంబరు పదో తారీఖు దాటిందంటే నాకొచ్చే ఫోన్లన్నిటిలో ఒకే ప్రశ్న. "మేడమ్, పండక్కి ఊరెళ్ళేలోగా ఏమైనా తేలుతుందా?" అడిగేది ఉద్యోగం గురించే గాని అసలు భయం వేరు. సంక్రాంతికి ఇంటికెళ్తే అరుగు మీద కూర్చున్న పెదనాన్న అడుగుతాడు, ఎదురింటి అత్తయ్య అడుగుతుంది, "ఇప్పుడెక్కడ చేస్తున్నావు?" అని. దానికి జవాబు లేక, టికెట్టు కొనుక్కోకుండా అమీర్‌పేట హాస్టల్లోనే పండగ గడిపేసిన పిల్లలు నాకు తెలుసు.

నేను మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీలో 19 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కంపెనీలకు కావలసిన మనుషుల్ని వెతికిపెట్టడం నా పని. ఇన్ని డిసెంబర్లు చూశాక గట్టిగా చెప్పగలను: ఈ నెలలో కంపెనీ నుంచి కబురు రాకపోతే, వద్దనుకున్నారని కాదు. చాలాసార్లు సంతకం పెట్టాల్సిన మనిషి సెలవులో ఉంటాడు, అంతే.

మన హైదరాబాదులో ఉద్యోగాలకు రెండు క్యాలెండర్లున్నాయి. మన దేశపు కంపెనీల లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. రాయదుర్గం, గచ్చిబౌలి వైపు ఉన్న అమెరికా కంపెనీల్లో చాలావాటికి అది జనవరి నుంచి డిసెంబరు. నవంబరు నాలుగో గురువారం అక్కడ థ్యాంక్స్‌గివింగ్. ఆ వారం నుంచే మేనేజర్లు ఒక్కొక్కరుగా సెలవు పెడతారు. క్రిస్మస్ వచ్చేసరికి ఆఖరి మాట చెప్పేవాళ్ళుండరు. ఇక్కడ ఇంటర్వ్యూ మూడు రౌండ్లూ బాగా చేసిన కుర్రాడి ఫైలు అలాగే ఆగిపోతుంది. నేనెక్కడ తప్పు చెప్పానో అని అతను రాత్రుళ్ళు నిద్రపోడు.

అదే నెలలో ఇంకో రకం తొందర కూడా నడుస్తుంది. ఆ ఏటి బడ్జెట్‌లో మంజూరైన పోస్టును 31లోగా నింపకపోతే కొన్ని కంపెనీల్లో అది రద్దయిపోతుంది. కొత్త ఏడాదిలో మళ్ళీ మొదటినుంచీ మంజూరు తెచ్చుకోవాలి. దీనికి తోడు చేరతామని చెప్పి చేరనివాళ్ళు. ఐటీ రంగంలో నోటీస్ పీరియడ్ 60, 90 రోజులు మామూలు. సెప్టెంబరులో ఆఫర్ తీసుకున్న మనిషి డిసెంబరులో చేరాలి. ఈ మధ్యలో ఇంకో రెండు ఆఫర్లు తెచ్చుకుంటాడు. చేరాల్సిన రోజు ఫోను ఎత్తడు. కొందరు ధనుర్మాసంలో మంచిరోజులు లేవు, పండగ వెళ్ళాక చేరతామంటారు. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ముందే చెబితే కంపెనీతో మాట్లాడి తేదీ మార్పిస్తాను. చెప్పకుండా మానేస్తేనే చిక్కు. అలా ఖాళీ అయిన కుర్చీలోకి రెండు వారాల్లో మనిషి కావాలంటారు. అప్పుడు నోటీస్ పీరియడ్ లేనివాళ్ళు, అంటే పని పోయి ఇంట్లో ఉన్నవాళ్ళు, మాకు ముందు గుర్తొస్తారు. మిగతా ఏడాదంతా "ఖాళీ ఎందుకొచ్చింది?" అని వాళ్ళను నిలదీసే కంపెనీ ఆ పది రోజులూ "రేపు రాగలరా?" అని అడుగుతుంది.

ఒక ఏడాది డిసెంబరు 26న నాకు అలాంటి కబురే వచ్చింది. టెస్టింగ్ పోస్టు. నా దగ్గరున్న ఐదుగురికి ఫోన్ చేశాను. ముగ్గురు ఎత్తలేదు. నాలుగో ఆయన "జనవరిలో చూద్దాం మేడమ్" అన్నాడు. ఐదో అబ్బాయి సూర్యాపేట దగ్గర బస్సులో ఉన్నాడు. ప్రాజెక్టు మూతపడి నాలుగు నెలలైంది, గుంటూరు దగ్గర సొంతూరికి వెళ్ళిపోతున్నాడు. "ఇంటికి చేరేసరికి సాయంత్రమవుతుంది మేడమ్, ఏడింటికి వీడియోలో కూర్చుంటాను," అన్నాడు. మేనమామ గదిలో కూర్చుని మాట్లాడాడు. 30న ఆఫర్ వచ్చింది. ఆ ఐదుగురిలో అతనే గొప్పవాడని నేననను. ఆ రోజు అందుబాటులో ఉన్నది అతనొక్కడు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఈ సెలవులు ఇంకా కఠినం. 2022 నవంబరు 9న మెటా ఒక్కటే 11,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ నెలలోనే టెక్సస్‌లో ఒక చిన్న కంపెనీలో మా పిన్ని కొడుకు పని కూడా పోయింది. ఆఖరి పనిదినం 18వ తేదీ. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళకు పని పోయాక ఎక్కువలో ఎక్కువ 60 రోజులు గడువు. ఆలోగా కొత్త కంపెనీ వీసా అర్జీ దాఖలు చేయాలి, లేదా వేరే వీసాకు మారేందుకు అర్జీ పెట్టుకోవాలి, అదీ లేకపోతే దేశం వదలాలి. వాడి 60 రోజులు జనవరి 17తో, కనుమ మర్నాటితో ముగుస్తాయి. మధ్యలో థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్, కొత్త సంవత్సరం. అర్జీకి ముందు అక్కడి కార్మిక శాఖ ధ్రువీకరణకే ఏడు పనిదినాలు పోతాయి. అంటే జనవరి మొదటివారంలోగా ఆఫర్ చేతిలో ఉండాలి.

"అక్కా, రోజుకి నలభై అర్జీలు పెడుతున్నాను, ఒక్కరూ పలకట్లేదు," అన్నాడు. అర్జీలు తగ్గించి, నీతో పనిచేసిన ప్రతి మనిషికీ ఫోన్ చెయ్యమన్నాను. మొదటి మాటల్లోనే గడువు తేదీ చెప్పమన్నాను. అది దాస్తే ఎదుటివాళ్ళు తొందరపడరు. వాడి పాత టీమ్ లీడ్ వేరే కంపెనీలో ఉంది, పిల్లల వేసవి సెలవుల కోసం తన సెలవులు దాచుకుని క్రిస్మస్ వారమంతా పనిలోనే ఉంది. డిసెంబరు 29న ఆఫర్ ఇప్పించింది. జనవరి 11న వీసా అర్జీ దాఖలైంది. ఆ కబురు చెప్పేదాకా మా పిన్ని పండగ పిండివంటలకు పొయ్యి వెలిగించలేదు.

అన్ని కథలూ ఇలా ముగియలేదు. పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక అమ్మాయికి "జనవరిలో చెప్తానమ్మా" అని పెట్టేశాను. ఆమె ఫైలు సెలవుల వల్ల ఆగిందని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. చెప్పాలని నాకు తోచలేదు. తనను వద్దనుకున్నారని భయపడి, సగం జీతానికి ఒక చోట బాండు రాసి చేరిపోయింది. జనవరి 10న, ఫైలు ఆగిన ఆ మొదటి కంపెనీ ఆమెను తీసుకుంటామంది. నేను ఫోన్ చేసినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఒక్క మాట ముందు చెప్పి ఉంటే ఆగేదాన్ని కదండీ" అంది. ఆ తప్పు నాదే. అప్పటినుంచి డిసెంబరులో ప్రతి శుక్రవారం సాయంత్రం నా దగ్గర ఆగిన ప్రతి ఫైలుకీ ఫోన్ చేస్తాను. చెప్పడానికి ఏమీ లేకపోతే ఏమీ లేదనే చెప్తాను. ఎవరు సెలవులో ఉన్నారో, ఎప్పుడొస్తారో చెప్తాను.

ఈ ఆత్రంలో ఉన్నవాళ్ళనే మోసగాళ్ళు కూడా వెతుకుతారు. వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపి, ల్యాప్‌టాప్‌కనీ ట్రైనింగుకనీ డిపాజిట్ కట్టమంటారు. ఉద్యోగమిచ్చేవాళ్ళు జీతమిస్తారు, డబ్బు అడగరు. కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వెతుకుతున్న పిల్లలకు నేను చెప్పేది ఇదే: ఊరికి వెళ్ళండి. ముగ్గులు చూడండి, అమ్మ చేతి అరిసెలు తినండి. ఫోను మాత్రం దగ్గర పెట్టుకోండి, రిలీవింగ్ లెటర్లూ పాత జీతం స్లిప్పులూ అందులో ఉంచుకోండి. పెదనాన్న అడిగితే "వెతుకుతున్నాను" అనండి. అది సిగ్గుపడాల్సిన మాట కాదు. ఆ అరుగు మీదే ఎవరికో తెలిసినవాళ్ళుంటారు.

నాలాంటి పని చేసే తోటివాళ్ళకు ఒక్కటే మనవి. ఈ పండగ సెలవులకు ముందు మీ దగ్గర ఆగిన ఫైళ్ళన్నీ ఒకసారి తీయండి. ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, ఎందుకు ఆగిందో చెప్పండి. ఉద్యోగం ఇవ్వడం మన చేతిలో లేదు. జవాబు ఇవ్వడం ఉంది.