పేర్‌పెర్త్యూజ్ కోటలో

ఇరవై ఏళ్ళుగా చరిత్ర తరగతిలో నేనొక తప్పు చెబుతూ వచ్చాను. దక్షిణ ఫ్రాన్సులో కతార్లనే మతభేదకులు పోపునూ, ఉత్తరాది ప్రభువులనూ ధిక్కరించి కొండకొమ్ముల మీద కోటలు కట్టుకున్నారనీ, వాటిలో పేర్‌పెర్త్యూజ్ ఒకటనీ. కావాలని చెప్పిన అబద్ధం కాదు. ఆ కథ నాకు నచ్చింది, అంతే.

పోయిన వేసవిలో ఆ కోట ఎక్కాను. కార్బియేర్ ప్రాంతంలో, సుమారు 800 మీటర్ల ఎత్తున, రాతికొండ వెన్ను మీద పొడుగ్గా పడుకొని ఉంటుంది. కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో కింది నుంచి చూసేవాడికి తెలియదు.

దిగువ కోటలో సేంత్ మరీ ప్రార్థనాలయం ఉంది. 12వ శతాబ్దపు రోమనెస్క్ కట్టడం. దళసరి గోడలు, అర్ధవృత్తంగా తిరిగిన తూర్పు కొస. ఆ చల్లని నీడలో కూర్చున్నప్పుడే నా పాఠం కూలిపోయింది. కతార్లు చర్చీలు కట్టేవారు కారు గదా! కంటికి కనిపించే ఈ లోకమంతా దుష్టశక్తి సృష్టి అని నమ్మినవారికి రాతి గుడితో ఏం పని? ఇది రోము మతపు గుడి. కతార్ల మీద యుద్ధం రాకముందు నుంచీ కోట ప్రభువుల అండన ఉన్నది.

ఆ యుద్ధం 1209లో బెజియే పట్టణ ప్రజల ఊచకోతతో మొదలైంది. 1240లో గియోమ్ ద పేర్‌పెర్త్యూజ్ ఈ కోటను ఫ్రాన్సు రాజుకు అప్పగించాడు. తొమ్మిదవ లూయీ 1242లో కొండరాయిలోనే మెట్లు తొలిపించాడు. తరువాత శిఖరాన సాన్ జోర్డి అనే పై కోట లేచింది. (ఆ మెట్లకు ఇప్పుడు పట్టుకోవడానికి తాడు కట్టారు. నా మోకాళ్ళు వాళ్ళకు రుణపడి ఉన్నాయి.) 1258లో కోర్బేయ్ ఒడంబడికతో అరగాన్ రాజ్యపు సరిహద్దు ఇక్కడికి దగ్గరలోనే స్థిరపడింది, కోట సరిహద్దు కావలి అయింది. 1659లో సరిహద్దు పిరనీస్ కొండలకు జరిగింది, కోట ప్రాముఖ్యం పోయింది.

అంటే నేడు మనం చూసే గోడల్లో చాలాభాగం ఓడినవారివి కావు, గెలిచిన రాజ్యానివి. అయినా యాత్రికులకు దీన్ని ‘కతార్ కోట’ అనే చూపిస్తారు. తిరుగుబాటు పేరు పెడితే జనం ఎక్కువ వస్తారు కాబోలు! వాళ్ళను ఏమనగలను? జీతం పుచ్చుకొని నేను చేసిందీ అదే.

ఈ ఏడు ఆ పాఠం బెజియేతో మొదలుపెట్టను. కోర్బేయ్ ఒడంబడికతో మొదలుపెడతాను. పాత విద్యార్థులు కొందరు ఈ పత్రిక చదువుతారని తెలుసు. వాళ్ళ నోట్సులో ఆ పుట కొట్టివేసుకోమని మనవి.