లాగే బలం, మోసే బలం

అమెరికాలోని డెన్వర్ నగరం నుండి పడమరగా సాగే ఐ-70 రహదారి రాకీ పర్వతాలను ఎక్కి, సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగంలో ప్రవేశిస్తుంది. 1973లో ఆ సొరంగం తెరవక మునుపు వాహనాలు లవ్‌లాండ్ కనుమ మీదుగా దాటవలసి వచ్చేది. నిరుడు వేసవిలో మేము ఆ దారిన యూటా రాష్ట్రంలోని మోయాబ్‌కు ప్రయాణించాము. తీసుకువెళ్లినవాడు ఒకప్పుడు మా మదరసాలో చదువుకున్న యువకుడు.

పడకలున్న చిన్న ట్రైలర్‌ను కారు వెనుక తగిలించుకుని వెళ్లాలని అతని పిల్లల కోరిక. వారి కారు 2,200 కిలోల వరకు లాగగలదు. అద్దెకిచ్చే వ్యాపారి, సామానుతో 1,900 కిలోలు తూగే ట్రైలర్‌ను చూపి, ఇక ఆలోచించవలసినదేమీ లేదన్నాడు. పెద్ద ట్రక్కు కొనుక్కొమ్మని మిత్రుల సలహా. దానికి వడ్డీ అప్పు తప్పదు; ఆ వాకిలి తొక్కరాదని అతడు ముందే నిశ్చయించుకున్నాడు.

“హజ్రత్, లాగే బలం చాలుతుంది కదా?” అని మమ్మల్ని అడిగాడు.

ఎడ్లబండి తోలినవారికి ఈ లెక్క కొత్త కాదు. బరువు ముందుకు జరిగితే ఎద్దుల మెడలు అణగిపోతాయి; వెనక్కి జరిగితే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్ బరువులోనూ నూటికి 10 నుండి 15 వంతులు కారు కొక్కెం మీద ఆనాలి. తగ్గితే అది అటూ ఇటూ ఊగి కారునే తిప్పివేయగలదు. అలా ఆనిన బరువును కారే మోయాలి. ఎంత మోయగలదో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీ మీద ఉంటుంది. ఆ కారుకు 610 కిలోలు. అయిదుగురం 320, సామాను 100, కొక్కెం మీద 230, వెరసి 650. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో వేసేది మాత్రం లాగే బరువునే!

కారును ఉంచుకుని ట్రైలర్‌నే మార్చారు. రెండవది నిండా సర్దినా 1,200 కిలోలు, కొక్కెం మీద 145. వెరసి 565. దానికి సొంత బ్రేకులున్నాయి. వాటిని నడిపే మీటను కారులో బిగించారు. నీళ్ల తొట్టిని ఖాళీగా ఉంచి, దిగిన చోట నింపుకోవాలనుకున్నాము. పడకలు రెండే గనుక తల్లీకూతుళ్లకు ట్రైలర్, మగవాళ్లకు గుడారం.

ఫజర్ నమాజు పిమ్మట, సవారీని మనిషికి లోబరచిన ప్రభువును స్మరించే దుఆ చదివి బయలుదేరాము. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజను బలం తగ్గుతుంది. సొరంగం దగ్గర మామూలు పెట్రోలు ఇంజను తన బలంలో సుమారు మూడో వంతు కోల్పోతుంది. లారీల వెంట నెమ్మదిగా ఎక్కాము.

అసలు పరీక్ష ఆవలి దిగుడులో ఉన్నది. బ్రేకులు తప్పిన లారీలు ఎక్కి ఆగడానికి రోడ్డు పక్కన కంకర దారులు కట్టారు. అతడు గేరు తగ్గించి, బ్రేకును అప్పుడప్పుడు మాత్రమే తాకుతూ దించాడు. ట్రైలర్ ఊగలేదు. డిల్లన్ సరస్సు ఒడ్డున ఆగి, ఈశాన్యంగా ఉన్న ఖిబ్లా వైపు తిరిగి జుహర్‌ను ఖస్ర్‌గా చేసుకున్నాము. మోయాబ్ ఇంకా సుమారు 450 కిలోమీటర్లు.