మళ్లీ చూసినా నవ్వించే ‘అమృతం’

2001లో జెమినీ టీవీలో మొదలైన హాస్య సీరియల్ ‘అమృతం’ ఆరేళ్లపాటు ఆదివారం రాత్రుల్ని సొంతం చేసుకుంది. ఇప్పుడు చూస్తే ల్యాండ్‌లైన్ ఫోన్లు, ఆనాటి చిత్రీకరణ వయసు చెప్పేస్తాయి.

నవ్వు మాత్రం పాతబడలేదు.

అమృతానికో ఐడియా వస్తుంది. మిత్రుడు అంజి సందేహిస్తూనే వెంట నడుస్తాడు. వాళ్ల అమృత విలాస్ హోటల్ చిక్కుల్లో పడుతుంది. ఇంటి ఓనరు అప్పాజీ ఊరుకోడు. మనిషి ఆశలోంచి పుట్టించిన హాస్యం కాబట్టే గుణ్ణం గంగరాజు సృష్టి ఇప్పటికీ నిలబడింది.

అమృతం పాత్రలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు కనిపించారు. అంజిగా గుండు హనుమంతరావే ఉన్నారు. మిత్రుడి కొత్త పథకం వినగానే ఆయన ముఖంలో ముందు అనుమానం, ఆ వెంటనే జాలి. అప్పట్లో నవ్వుతూ దాటేసిన ఆ హావభావాలే రెండోసారి చూసేవాళ్లను కట్టిపడేస్తాయి. 2018లో ఆయన కన్నుమూశారు. 2020లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో అంజి పాత్ర ఎల్బీ శ్రీరామ్‌కు దక్కింది.