చెయ్యి ఒక్కటే పడిన ఫొటో

పోయిన ఏడాది దసరా అయిన వారానికి మా తోటకి ఒకాయన వచ్చాడు. మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఎద్దుల్నీ ఆవుల్నీ చూసుకున్న మామ కొడుకు. మామ అంటే చుట్టరికం లేదు, వరస మాత్రం ఉంది. మా నాయన తరం నుంచీ ఇంట్లో పిల్లలంతా ఆయన్ని అలాగే పిలిచాం. కొడుకు ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఆటో నడుపుతున్నాడు. కాఫీ తాగాడు, కొట్టంలోకి పోయి ఆవుల్ని చూసొచ్చాడు, పోబోతూ ఆగి అడిగాడు.

"అన్నా, మా నాయిన ఫొటో మీ దగ్గర ఏదన్నా ఉండాదా? కొత్తిల్లు కట్టినాం. గోడకి పెడదామంటే ఒక్కటీ లేదు. కార్డులో ఉండేది చెరిగిపొయ్యింది."

"లేకేమప్పా, ఉంటాయి. వెతికి పెడతాం" అన్నాం. అంత ధైర్యంగా ఎందుకన్నామంటే, మా ఇంట్లో ఆల్బమ్‌లు ఆరు ఉన్నాయి. ఎవరొచ్చినా తీసి చూపించి మురిసిపోయే ఇల్లు మాది.

ఆ రాత్రే ఆరూ కింద పరుచుకుని కూర్చున్నాం. పెళ్ళిళ్ళు ఉన్నాయి. శ్రీమంతాలు, నామకరణాలు, గృహప్రవేశాలు ఉన్నాయి. సిటీకి పోయి జి.కె.వేల్ స్టూడియోలో తీయించుకున్న తాత, అవ్వల ఫొటో ఉంది. తాత కుర్చీలో కూర్చుని ఉంటాడు, అవ్వ పక్కన నిలబడి ఉంటుంది. 1910లో మొదలైన ఆ స్టూడియోలో ఒక ఫొటో ఉండటం ఆ కాలంలో ఒక హోదా. కొత్త స్కూటర్ ముందు చిన్నాయన, బోరు వేసిన రోజు నీళ్ళ ముందు ఊరంతా, కుక్క మీద చెయ్యేసి మేనత్త, అన్నీ ఉన్నాయి. మామ లేడు. ఆరు ఆల్బమ్‌లలో, దగ్గర దగ్గర నాలుగు వందల ఫొటోలలో, మా పాలు పితికినాయన, మా రాగులు నూర్చినాయన, మమ్మల్ని భుజాన ఎక్కించుకుని బడికి దించినాయన ముఖం ఒక్కదాంట్లోనూ లేదు.

చివరికి ఒకటి దొరికింది. అందరికీ తెలిసిన ఫొటోనే, హాల్లో గోడకే ఉంది. వెనకాల నాయన రాసిన తేదీ 14-1-1976. సంక్రాంతి రోజు, కొమ్ములకి రంగు వేసి, మెడలో గంటలు కట్టి నిలబెట్టిన హళ్లికార్ ఎద్దుల జత. మధ్యలో తలపాగాతో తాత. కుడివైపు అంచున, పలుపు గట్టిగా పట్టుకుని ఒక చెయ్యి. మోచెయ్యి దాకానే. మిగతా మనిషి ఫొటో బయట ఉండిపోయాడు.

దాదాపు యాభై ఏళ్ళుగా ఆ ఫొటో కింద కూర్చుని అన్నం తింటున్నాం. ఆ చెయ్యి ఎవరిదని మేమెవరమూ అడగలేదు.

మా సంగతి కొంచెం చెప్పాలి. ముత్తాత కాలంలో మదనపల్లె వైపు నుంచి వచ్చి ఆనేకల్ తాలూకాలో నిలిచిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, తూర్పుకి పోతే తమిళం. రాగి, అనపకాయ, కొంచెం మల్బరీ. పశువులు లేని రోజు మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆ ఎద్దుల జతను తాత దొడ్డబళ్ళాపురం దగ్గరి ఘాటి సుబ్రహ్మణ్య జాతరలో కొన్నాడట. అక్కడి పశువుల సంతకి ఇప్పటికీ కర్ణాటకవాళ్ళతో పాటు హిందూపురం, అనంతపురం వైపు రైతులు కూడా వస్తారు. బూడిద రంగు ఒళ్ళు, వెనక్కి వాలి పైకి లేచిన పొడుగు కొమ్ములు, చురుకు నడక హళ్లికార్ లక్షణాలు. 2000లో తపాలా శాఖ దేశవాళీ పశుజాతుల మీద స్టాంపులు వేసినప్పుడు అందులో హళ్లికార్ కూడా ఉంది. ఆ స్టాంపు మా చిన్నాయన కొని దాచాడు. చూడండి, ఎద్దుకి స్టాంపు దాచుకున్నాం, ఎద్దుల్ని మేపినాయన ఫొటో దాచుకోలేదు.

కావాలని చేసింది కాదు అని మాకు మేము చెప్పుకున్నాం. అది కొంతవరకు నిజమే. అప్పుడు ఇంట్లో ఉండేది ఆగ్ఫా క్లిక్-3 కెమెరా. ఒక రోలుకి పన్నెండే ఫొటోలు, చతురస్రంగా వస్తాయి. పన్నెండింటినీ పండగ నుంచి పండగకి సాగదీసేవాళ్ళు. రోలు అయ్యేదాకా కడిగించేది లేదు. అవ్వ కొట్టంలో పేడ ఎత్తుతుంటే చిన్నాయన కెమెరా ఎత్తితే తాత కసిరాడట, "దాన్నేంట్రా తీసేది, ఫిలిం దండగ" అని. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఫొటో అంటే తలకి నూనె రాసి, మంచి చీర కట్టి, ఊపిరి బిగబట్టి నిలబడేది. పని చేసే ఒంటికి ఫొటో ఏంటికి?

కానీ రోలు ఖర్చు ఒక్కటే కారణమైతే, స్కూటర్‌కి మూడు ఫొటోలు ఎందుకు పడ్డాయి? పని చేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, రేపు తీసుకోవచ్చు అనుకున్నాం. పైగా వాళ్ళని తీయాలని తోచలేదు. ఆడవాళ్ళ సంగతీ అంతే. అవ్వ ఉన్న ఫొటోలు లెక్కపెడితే పదకొండు వచ్చాయి. పదకొండింటిలోనూ పట్టుచీరే. మాకు గుర్తున్న అవ్వ మాత్రం మోకాళ్ళ దాకా చీర ఎగదోపి, ఒక చేత్తో కుడితి బకెట్టు, ఇంకో చేత్తో దూడ పలుపు పట్టుకునే మనిషి.

ఆ రాత్రి తరవాత ఇంట్లో ఒక నిర్ణయం చేసుకున్నాం. నెలకి ఒక ఆదివారం, తెల్లవారి ఆరు నుంచి తొమ్మిది దాకా, తోటలో జరిగేది జరిగినట్టు ఫొటో తీయాలి. ఎవరూ బట్టలు మార్చుకోకూడదు. ఇప్పుడు తోట కూడా అంత పెద్దది కాదు. ఆరెకరాల్లో నాలుగు లేఅవుట్ అయిపోయింది. మిగిలిన రెండెకరాల్లో రెండు హెచ్‌ఎఫ్ ఆవులు, ఒక పెయ్య, నాటుకోళ్ళు, ఒక కుక్క. గోడకవతల పదిహేను అంతస్తుల అపార్ట్‌మెంట్. ఎంతకాలం ఉంటుందో చెప్పలేం. అందుకే ఇంకా తొందర.

మొదటి నెల ఫొటోలు ఒక్కటీ బాగా రాలేదు. ఆవు నలుపూ తెలుపూ. ఎండలో తీస్తే తెలుపు పేలిపోయి, నలుపు గుంటలా పడింది. కొట్టంలో ఫ్లాష్ వేస్తే ఆవు అదిరి బకెట్టు తన్నింది, ఆరు లీటర్ల పాలు నేలపాలు. పాలు పితికే ఆవిడ మమ్మల్ని బయటికి తోలింది, "అది చేపల్ల అంటే మీరు గమ్మునుండల్ల" అని. ఆవిడ చెప్పిందే నిజం. కొత్త మనిషి, కొత్త చప్పుడు ఉంటే ఆవు పాలు చేపదు.

నెమ్మదిగా నేర్చుకున్నాం. ఫ్లాష్ మానేశాం. కొట్టం తలుపు పూర్తిగా తెరిచి, వెలుతురు మా వీపు వైపు నుంచి పడేట్టు నిలబడ్డాం. నిలబడి తీస్తే పశువు వీపూ మనిషి నడినెత్తీ పడుతున్నాయని ఆవు కళ్ళ ఎత్తుకి వచ్చేట్టు ముక్కాలిపీట మీద కూర్చున్నాం. ముందు అరగంట కెమెరా తీయకుండా ఊరికే ఉంటే పశువులు మమ్మల్ని పట్టించుకోవడం మానేస్తాయి. మనుషులూ అంతే. పెయ్య మాత్రం వచ్చి లెన్సు నాకుతుంది, దానికి గుడ్డ పెట్టుకోవాల్సిందే. కోళ్ళని తీయాలంటే గింజలు చల్లి, నేల మీద పడుకుని, వరసగా ఇరవై తీస్తే ఒకటి దక్కుతుంది.

తీసే ముందు అడగడం కూడా నేర్చుకున్నాం. పాలు పితికే ఆవిడ మొదట వద్దంది. "నేను తీసిన ఫొటో ఎవరికి చూపిస్తారు?" అనింది. ఇంట్లో ఉంటుంది, మీకూ ఒకటి ఇస్తాం అంటే, రెండు నెలలు ఆలోచించి ఊఁ అంది. ఈనిన పదిరోజుల దాకా దూడని తీయనివ్వలేదు, దిష్టి అని. సరే అన్నాం. పదకొండో రోజు తనే పిలిచింది.

ఇంకొకటి మేము అనుకోకుండా దొరికింది. ఫొటోల వెనక రాసేటప్పుడు పిల్లలు మాటలు అడగడం మొదలుపెట్టారు. మా పిల్లలది బెంగళూరు తెలుగు, సగం ఇంగ్లీషు, సగం కన్నడం. ఆవుని కట్టే తాడు పేరేంటి? పలుపు. ముక్కులో ఉండేది? ముకుతాడు. ఇది తాగే నీళ్ళు? కుడితి. దాని ముందున్న తొట్టి? గాడి. కడుపుతో ఉన్న ఆవు? చూడి ఆవు. ఈనాక మొదటి పాలతో చేసేది? జున్ను. అది వాళ్ళకి తెలుసు, తిన్నారు కాబట్టి. కొట్టం, గడ్డివామి, కళ్ళం, కాడి అంటూ ఒక్కో ఫొటోకి ఒక్కో మాట వచ్చింది. ఆంధ్రకి దూరంగా ఉండే ఇళ్ళల్లో తెలుగు ఎలా నిలబెట్టాలని చాలా మాట్లాడుకుంటాం. మా ఇంట్లో పశువులతో మాత్రం అందరం ఎప్పుడూ తెలుగే మాట్లాడతామని ఆ ఫొటోలు రాసుకునేటప్పుడే గమనించాం. పదేళ్ళ పిల్ల మాతో ఇంగ్లీషులో వాదించి, వెనక్కి తిరిగి ఆవుతో "దా తల్లీ, జరుగు" అంటుంది. ఆవు పోతే ఆ తెలుగూ పోతుంది.

ఈ మధ్యలో పిల్లల్ని కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన ఫొటోగ్రఫీ, కళల మ్యూజియంకి తీసుకుపోయాం. పాత ఫొటోల ముందు నిలబడి పెద్దవాడు పక్కనున్న అట్టలు చదువుతున్నాడు. "వీటికి తారీకు, ఊరు అన్నీ రాశారు. మనవాటికి లేవు" అన్నాడు. ఇంటికొచ్చి అదే పని మొదలుపెట్టాం. ఆల్బమ్‌లోని ప్రతి ఫొటో వెనకా మెత్తటి పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాశాం. పెన్ను వద్దు, సిరా ముందువైపుకి ఊరుతుంది. అతుక్కునే ప్లాస్టిక్ పేజీల ఆల్బమ్‌లోంచి వచ్చినంతవరకు నెమ్మదిగా తీసేశాం. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన వాటిని లాగలేదు, అద్దం మీదనే పక్కవాటుగా వెలుతురు పడేట్టు పెట్టి ఫొటో తీసుకున్నాం. గుర్తుపట్టే పెద్దవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఎనభై రెండేళ్ళ మేనత్త ఫోనులో చూసి చెబుతుంటే మేము రాసుకున్నాం. నలభై ముఖాలకి ఆవిడ కూడా పేరు చెప్పలేకపోయింది.

మామ కొడుక్కి ఏం చెప్పాలో తెలియక మూడు వారాలు ఫోను చెయ్యలేదు. చివరికి ఆ 1976 ఫొటోని ఫ్రేములోంచి తీసి, స్కాన్ చేయించి, పెద్దది చేయించాం. స్టూడియోలో కుర్రాడు మంచి మనసుతోనే అడిగాడు, "సార్, ఆ చెయ్యి అంచులో అడ్డంగా ఉంది, కంప్యూటర్‌లో తీసేస్తే ఎద్దులు నీట్‌గా వస్తాయి" అని. వద్దు, దానికోసమే వచ్చాం అన్నాం.

ఆయన్ని పిలిచి చేతిలో పెట్టాం. "ఇదొక్కటే ఉందప్పా. ముఖం లేదు. తప్పు మాదే" అన్నాం. ఆయన చాలాసేపు చూశాడు. వేలు పెట్టి చూపించాడు. "మా నాయిందే. ఈ బొటనేలు చూడన్నా, సగమే ఉండాది. గడ్డి కోసే మిషన్లో పొయ్యింది, నేను పుట్టకముందు." మాకు ఆ వేలు గుర్తుంది. ఆ వేలితోనే మా నుదుట విభూతి పెట్టేవాడు. అది ఎలా పోయిందో మాత్రం ఆ రోజే తెలిసింది. పోయింది మా తోటలోనే, మా మిషన్లోనే.

ఆయన ఫొటో తీసుకుపోయాడు. వాళ్ళింటి హాల్లో ఉంది, మేము పోయి చూశాం. తాతా ఎద్దులూ ఉన్న ఫొటోనే, కానీ అక్కడ కింద రాసిన పేరు మామది.

ఈ సంక్రాంతికి వాళ్ళందర్నీ పిలిచాం. మన వైపు కనుమనాడు చేసే పశువుల పండగ ఇక్కడ సంక్రాంతి సాయంత్రమే జరుగుతుంది. పశువుల్ని అలంకరించి, గడ్డి వేసి మంట పెట్టి దాటిస్తారు, కిచ్చు హాయించడం అంటారు. మా హెచ్‌ఎఫ్ ఆవులు దూకవు, ఊరి ఎద్దులు దూకాయి. అంతకుముందు పొద్దున్నే కొట్టం ముందు ఒక ఫొటో తీశాం. రెండు ఆవులు, పెయ్య, మేము, మామ కొడుకూ కోడలూ మనవలూ, పాలు పితికే ఆవిడ. ఆవిడ బకెట్టు కింద పెట్టబోతే, పెట్టొద్దన్నాం. టైమర్ పెట్టి పరిగెత్తొచ్చిన వాడి భుజం కొంచెం తెగింది, మళ్ళీ తీశాం. అందరి ముఖాలూ పడేదాకా నాలుగుసార్లు తీశాం.

వెనక పద్నాలుగు పేర్లు, ఆవుల పేర్లతో సహా రాసి, మూడు కాపీలు వేయించాం. ఒకటి మాకు, ఒకటి వాళ్ళకి, ఒకటి పాలు పితికే ఆవిడకి. మీ ఇంట్లోనూ గోడ మీద ఇలాంటి ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. ఒకసారి కిందికి దించి అంచులు చూడండి. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే అడగండి.